శ్రీ ఊచకోత గారికి ఒక పాఠకుడి విన్నపం

మహారాజశ్రీ ఊచకోత గారి సముఖమునకు,

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు నమస్కరించి రాయు విన్నపములు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు. ఐపీఎల్ రోజుల్లో పొద్దున్నే పేపరు తిరగేస్తే ఆటల పేజీ శీర్షికలో ముందు మీరే కనబడతారు. ఎర్ర రంగు, లావు అక్షరాలు, పక్కన బ్యాటు పైకెత్తి అరుస్తున్న మనిషి ఫొటో. ఈమధ్య ఒళ్లు చేసినట్టున్నారు, పేజీ వెడల్పు చాలడం లేదు.

నాది పేపరు వెనక నుంచి చదివే అలవాటు. మా నాన్న ముందు నుంచి చదివేవారు. ఆయన సంపాదకీయం దగ్గరికొచ్చేసరికి నేను స్కోరుబోర్డు దగ్గరుండేవాణ్ని, ఒకే పేపరు చెరో కొసా పట్టుకుని. అప్పట్లో గెలిస్తే 'భారత్ గెలుపు'. బాగా గెలిస్తే 'ఘన విజయం'. ఓడితే 'భారత్ పరాజయం', అంతే, ఇక కాఫీ తాగడమే. మీరు అప్పుడు ఈ పేజీలో ఉండేవారు కాదు. విదేశీ వార్తల్లో ఉండేవారు. ఎక్కడో ఏదో దేశంలో సైన్యం ఊరి మీద పడితే మీ పేరు వినబడేది, వినగానే ఒళ్లు జలదరించేది. అంతటి పెద్దమనిషి బదిలీ మీద ఆటల పేజీకొచ్చి పవర్‌ప్లేలో డ్యూటీ చేస్తున్నారు. ప్రమోషనో పనిష్మెంటో మీకే తెలియాలి.

మీరొక్కరే రాలేదు, బంధువర్గాన్నంతా వెంటేసుకొచ్చారు. విధ్వంసం, వీరవిహారం, సునామీ, శివతాండవం. 'చిత్తు' గారిది దినకూలీ. ఎవరు ఎవరి మీద గెలిచినా ఆయన హాజరు వేయించుకోవాల్సిందే, ఆఖరి బంతికి ఒక్క పరుగుతో గెలిచినా సరే. విలవిలమ్మ గారు ఎప్పుడూ ఓడినవాళ్లింట్లోనే దిగుతారు. 'లంకా దహనం' గారు పండగ అల్లుడు, శ్రీలంకతో సిరీస్ ఉంటే తప్ప గుమ్మం తొక్కరు. ఆస్ట్రేలియా వచ్చిందంటే కంగారూలకి కంగారు పుట్టి తీరాలి. 2025 మేలో విరాట్ కోహ్లీ టెస్టులు మానేసినప్పటి నుంచి 'విరాటపర్వం' గారికి పని తగ్గింది. ఆ లోటు 'విజయ తిలకం' తీరుస్తోంది. అదే ఏడు సెప్టెంబరు 28న దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్, పాకిస్థాన్ మీద మన తిలక్ వర్మ 53 బంతుల్లో 69 కొట్టి నాటౌట్‌గా నిలబడ్డాడు. ఆ రాత్రి ఎన్ని డెస్కుల్లో ఆ శీర్షిక ఒకేసారి పుట్టి ఉంటుందో! దాచడమెందుకు, నాకూ అదే తట్టింది. పేపరు రాకముందే మా ఆవిడకి చెప్పాను. ఆవిడ పాలు పొంగుతున్నాయని వెళ్లిపోయింది.

అసలు సంగతికొస్తాను. మా హైదరాబాద్ జట్టు మీకు మహారాజ పోషకులు. 2024 మార్చి 27న ఉప్పల్లో ముంబై మీద 277. ఏప్రిల్ 15న బెంగళూరు వెళ్లి అక్కడివాళ్ల మీద 287. మీరూ, విధ్వంసం గారూ, సునామీ గారూ ఆటో వెనక సీట్లో ముగ్గురు కూర్చున్నట్టు ఒకే పేజీలో ఇరుక్కున్నారు. మే 26న చెన్నైలో ఫైనల్. అదే జట్టు 113కి ఆలౌట్. ఐపీఎల్ ఫైనళ్లలో అంత తక్కువ స్కోరు అప్పటిదాకా ఎవరూ చేయలేదు. కోల్‌కతా 10.3 ఓవర్లలో ముగించి కప్పు పట్టుకుపోయింది. మర్నాడు చూస్తే మీరు కోల్‌కతా తరఫున పనిచేస్తున్నారు. తప్పు పట్టడం లేదు, మీది కాంట్రాక్టు ఉద్యోగం.

మరుసటి ఏడు మార్చి 23, ఆదివారం మధ్యాహ్నం, ఉప్పల్లో రాజస్థాన్ మీద 286. ఇక చూడాలి సందడి. 300 కొడతారా అని కాదు, ఎప్పుడు కొడతారు అన్నదే వార్త. దక్షిణాఫ్రికా మాజీ బౌలర్ డేల్ స్టెయిన్ ఏప్రిల్ 17న ఐపీఎల్‌లో తొలి 300 చూస్తాం అని ట్విట్టర్లో ఓ చిన్న జోస్యం వదిలాడు. ఆ రోజు వాంఖడేలో ముంబైతో మన మ్యాచ్. జోస్యానికి తారీఖు కూడా ఉంటే అది మనకి ముహూర్తమే కదా. మధ్యలో, 286 కొట్టిన నాలుగో రోజునే, లఖ్‌నవూ వచ్చి ఇదే ఉప్పల్లో మనల్ని 190 దగ్గర ఆపి, 17వ ఓవర్ మొదటి బంతికి గెలిచేసి వెళ్లింది. అయినా ముహూర్తం మారలేదు.

ఏప్రిల్ 17 సాయంత్రం మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో ప్రొజెక్టర్ పెట్టాం. మనిషికి వంద చందా. 302 ఫ్లాటాయన తెల్ల అట్ట మీద గళ్లు గీసి, 300 రావాలంటే ఏ ఓవర్‌కి ఎంతుండాలో ముందే స్కెచ్ పెన్నుతో రాసి స్తంభానికి అంటించాడు. పక్క గడి ఖాళీ, అసలు స్కోరు కోసం. మొదటి నాలుగైదు ఓవర్లు శ్రద్ధగా నింపాడు. వాంఖడే పిచ్ మీద బంతి ఆగి ఆగి వస్తోంది. రెండు గడుల మధ్య తేడా పెరుగుతున్నకొద్దీ ఆయన రాత చిన్నదైపోయింది. పది ఓవర్లయ్యేసరికి పెన్నుకి మూత పెట్టేశాడు. 20 ఓవర్లకి 162. మిరపకాయ బజ్జీలు చల్లారి రబ్బర్లా సాగుతున్నాయి. ఆ రాత్రి 300 దాటింది బజ్జీల బిల్లొక్కటే.

మర్నాడు పేపర్లో మీరు లేరు. మీ బదులు 'తుస్' అనే కుర్రాణ్ని పంపించారు.

పోనీ, బ్యాటర్ కొట్టని రోజున మీ కుటుంబం మమ్మల్ని వదిలేస్తుందా అంటే అదీ లేదు. 2021 జనవరి 11, సిడ్నీ టెస్టు ఆఖరి రోజు. తొడ కండరం పట్టేసి పరుగు తీయలేని స్థితిలో మన కాకినాడలో పుట్టిన హనుమ విహారి ఒకవైపు, వెన్నునొప్పితో అశ్విన్ ఇంకోవైపు. విహారి 161 బంతులాడి 23 నాటౌట్, మ్యాచ్ డ్రా. ఆయన ఇంకా క్రీజులో ఉండగానే అప్పటి కేంద్రమంత్రి ఒకాయన, విహారి క్రికెట్‌ని హత్య చేశాడని ట్వీట్ చేశాడు. పేరు 'బిహారి' అని రాశాడు. తనకి క్రికెట్ ఏమీ తెలియదని చివర్లో తనే ఒప్పుకున్నాడు కూడా. దానికి విహారి ఇచ్చిన జవాబు తన పేరొక్కటే, సరైన స్పెల్లింగ్‌తో. కొడితే ఊచకోత, కొట్టకపోతే హత్య. మా బ్యాటర్లు ఎటు పోవాలి స్వామీ?

మీ పేజీకి ఇంకో జబ్బుంది, ఆటగాడి తండ్రి ఉద్యోగం. 2017లో మన బౌలర్ సిరాజ్‌ని హైదరాబాద్ ఐపీఎల్ జట్టు 2.6 కోట్లకి కొన్నప్పుడు 'ఆటోడ్రైవర్ కొడుకు' అని రాశారు. రాయాల్సిందే, ఆ తండ్రి కష్టం చిన్నదా? కానీ ఎనిమిదేళ్లుగా అదే. టెస్టులాడాడు, విదేశాల్లో వికెట్లు తీశాడు, 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగమిచ్చింది. ఆటో మాత్రం స్టాండ్‌లోంచి కదల్లేదు. తిలక్ ఎలక్ట్రీషియన్ కొడుకు. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి మెల్‌బోర్న్‌లో 114 కొడితే, గ్యాలరీలో వాళ్ల నాన్న కన్నీళ్లని సెంచరీ కంటే ఎక్కువసార్లు చూపించారు. 'బ్యాంకు మేనేజర్ కొడుకు చెలరేగాడు' అని ఎప్పుడైనా రాశారా? ఆ ఇళ్లలో తండ్రులు ఏడవరు కాబోలు.

మీరు రాసింది మేం చదివి ఊరుకుంటామా? దాచుకుంటాం, అవసరానికి తీస్తాం. సిరాజ్ పరుగులిచ్చిన రోజుల్లో 'వెళ్లి మీ నాన్నతో కలిసి ఆటో తోలుకో' అని జనం అన్నారని ఆయనే ఒకసారి చెప్పుకున్నాడు. మీరు ప్రేమగా పార్క్ చేసిన ఆటోనే మేం స్టార్ట్ చేశామన్నమాట.

2025 ఆగస్టు 3, లండన్ ఓవల్‌లో ఇంగ్లండ్‌తో టెస్టు. 19 పరుగుల మీదున్న హ్యారీ బ్రూక్ కొట్టిన బంతిని సిరాజ్ బౌండరీ దగ్గర చక్కగా పట్టాడు, పట్టి వెనక్కి అడుగేసి తాడు తొక్కాడు. బ్రూక్ 111 చేశాడు. ఆ సాయంత్రం మా వాట్సాప్ గ్రూప్‌లో నాకు బావమరిది వరసయ్యే ఒకాయన ఆటో బొమ్మ పెట్టాడు. కింద పదకొండు నవ్వులు. అందులో ఒకటి నాది. మర్నాడు అదే సిరాజ్ అట్కిన్సన్ వికెట్ ఎగరగొట్టి ఐదు వికెట్లు పూర్తి చేశాడు, ఇండియా 6 పరుగులతో గెలిచింది. 'మా డీఎస్పీ సార్‌కి సెల్యూట్' అని మా బావమరిదే ముందు పెట్టాడు. నేను నా నవ్వు వెనక్కి తీసుకుందామని పైకి వెళ్లి చూస్తే, అప్పటికే ఆ ఆటో బొమ్మే లేదు. పేపర్లవాళ్లు సవరణలు వేయరని మేం తిడతాం కానీ, సాక్ష్యం మాయం చేయడంలో మా తర్వాతే ఎవరైనా.

పరిశోధనాత్మక జర్నలిజం కూడా చేస్తాం లెండి. 2016 రియో ఒలింపిక్స్‌లో సింధు వెండి పతకం గెలిచిన రోజుల్లో మన రెండు రాష్ట్రాల వాళ్లూ గూగుల్‌లో ఎగబడి వెతికింది ఆమె స్మాష్ గురించి కాదు, కులం గురించి.

ఇక మీరు అడుగుపెట్టని ఆట ఒకటుంది. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఫోన్లో బీజీఎంఐ అనే తుపాకుల ఆట ఆడతాడు, పాత పేరు పబ్జీ. వాడి ఆట వార్తలు మీ పేజీలో రావు. జిల్లా పేజీలో, గొలుసు చోరీకీ నకిలీ విత్తనాలకీ మధ్యన వస్తాయి. 'పబ్జీ భూతం', 'పబ్జీ మాయలో పడి'. పోయిన పిల్లాడు అసలు ఏ ఆట ఆడాడో ఎవరూ అడగరు. వనస్పతులన్నీ డాల్డా అయినట్టు, ఫోన్లో ఆటలన్నీ పబ్జీ. ఇంట్లో ఏం జరిగింది, కాలేజీలో ఏం జరిగింది అన్నదానికి రెండు వాక్యాలైనా ఉండవు, ఆట పేరు మాత్రం శీర్షికలోనే. మావాడు అలాంటి వార్త ఒకటి చూసి, "నాన్నా, ఫొటోలో ఉన్నది పబ్జీ కాదు, ఫ్రీ ఫైర్" అన్నాడు. వాడి అభ్యంతరం అది! ఒక ఇంటి పిల్లాడు పోయాడ్రా అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

2020 సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్‌లని నిషేధిస్తే అందులో పబ్జీ ఒకటి. ప్రభుత్వం చెప్పిన కారణం దేశ భద్రత. మా వీధిలో తల్లులు మాత్రం మొక్కు ఫలించిందనుకున్నారు. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐగా పేరు మార్చుకుని వచ్చింది, 2022 జులైలో మాయమైంది, 2023 మేలో మళ్లీ వచ్చింది, పద్దెనిమిదేళ్ల లోపువాళ్లకి రోజుకి 3 గంటలే అన్న షరతుతో. ఈలోగా 2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ని, అంటే వీడియో గేమ్ పోటీల్ని, క్రీడాశాఖ కిందికి తెచ్చింది. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పతకాలూ పెట్టారు. అంతకుముందు 2018లో జకార్తా ఆసియా క్రీడల్లోనే తీర్థ్ మెహతా అనే కుర్రాడు హార్త్‌స్టోన్ అనే ఆటలో మనకి కంచు తెచ్చాడు. అది ప్రదర్శన పోటీ కాబట్టి పట్టికలో లెక్క వేయలేదు. పట్టికలో లేనివాడు మీ పేజీలో ఏముంటాడు?

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల సంగతి వేరే. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని కాదన్నాయి. అయినా 2023 నుంచి, వాటిని నిషేధిస్తూ పార్లమెంటు చట్టం వచ్చిన 2025 ఆగస్టు దాకా టీమిండియా జెర్సీ మీద డ్రీమ్ 11 పేరే. హైదరాబాద్‌లో ఉండి డబ్బు కట్టి ఆడడానికి వీల్లేని యాప్‌ని మన సిరాజ్ ఛాతీ మీద మాత్రం రోజంతా చూశాం. దీనికి మీ డెస్క్‌లో ఏ ప్రాసా తట్టినట్టు లేదు.

మొన్నో రాత్రి మావాడు ఆడుతుంటే పక్కగదిలో కూర్చుని అరగంట విన్నాను. "నాక్ అయ్యాన్రా, రివైవ్ చెయ్." "జోన్ వస్తోంది, పరిగెత్తు." "బ్యాండేజ్ ఉంటే నాకోటి పడెయ్." "ఆగరా, వాడింకా పాకుతున్నాడు, వాణ్ని లేపి వస్తా." మీ పేరు ఒక్కసారి కూడా రాలేదు. తుపాకులు పట్టుకు తిరిగే ఆటలో కుర్రాళ్లు ఒకళ్లనొకళ్లు లేపుకుంటున్నారు. తెల్లబట్టలేసుకుని, మధ్యలో లంచ్‌కీ టీకీ ఆగే ఆటలో ఊచకోత జరుగుతోంది.

"ఎంతసేపురా ఆ చంపుకోవడాలు, ఆపు" అని కేకేశాను. వాడు తలెత్తి నా చేతిలో పేపర్ వంక చూశాడు. ఏమీ అనలేదు. అప్పుడు మీరు నా బొటనవేలి కింద ఉన్నారు, 'ఊచ' వరకే కనబడుతూ.

అందుకే ఈ ఉత్తరం. కోపం వద్దు. మిమ్మల్ని ఉద్యోగం మానమనను, ఓ వారం సెలవు పెట్టి మీ పాత సీటుకి వెళ్లి రండి. విదేశీ వార్తల్లో మీ అవసరం ఏమీ తగ్గలేదు.

అలాగని నేను పెద్దమనిషినని అనుకోకండి. 277 కొట్టిన మర్నాడు 'హైదరాబాద్ బాగా ఆడింది' అని శీర్షిక ఉంటే, ఆ పేపర్ అక్కడే మానేసి ఉండేవాణ్ని. ఆ పొద్దున్న మీ కోసమే గేటు దగ్గర లుంగీ మీద నిలబడ్డాను, పేపర్ కుర్రాడు పది నిమిషాలు లేటైతే వాడి మీద విసుక్కున్నాను కూడా.

ఇట్లు,
వెనక నుంచి చదివే మీ పాఠకుడు.

తా.క.: ఉప్పల్లో ఈసారి మ్యాచ్‌కి మీరొస్తున్నారో, 'తుస్'ని పంపుతున్నారో ఒకరోజు ముందు కబురు పెట్టండి. 302 ఆయన కొత్త అట్ట కొన్నాడు.