పెట్టడం మన వంతు, తినడం వాళ్ల వంతు

సెలవులు, గంగజాతర, పెళ్లిళ్లు అన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. తిరుపతిలో ఏ ఇంట్లో చూసినా చుట్టాలే. అందుకే ఇప్పుడే చెప్తున్నా. దయచేసి పక్కవాళ్ల పిల్లల కంచంలోకి తొంగి చూడకండి. "ఏమ్మా, పాప ఇంత చిక్కిపోయింది, సరిగ్గా పెట్టడం లేదా?" అని నలుగురిలో తల్లిని అడగకండి. మీరు పలకరింపుగానే అంటారు, తెలుసు. కానీ ఆ తల్లికి ఆ రాత్రి నిద్ర పట్టదు. మర్నాడు ఆ టెన్షన్ అంతా ముద్దలై పిల్ల నోట్లోకే పోతుంది.

మా పాపకు తిండంటే భయం. మొండితనం అనుకునేవాళ్లే ఎక్కువ, కానీ అది భయమే. పెరుగన్నం, ఇడ్లీ, దోసె అంచులు, అరటిపండు, ఒక రకం బిస్కెట్, చాలాకాలం ఇవే తన లోకం. సంగటి వేళ్లకు అంటుకుంటే చెయ్యి కడిగేదాకా ఏడుపు ఆపదు. పులుసులో మునక్కాడ తేలితే కంచం నెట్టేస్తుంది. గారాబం చేసి చెడగొట్టారన్నారు. దిష్టి తగిలిందని ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసిన అవ్వలూ ఉన్నారు. వాళ్ల ప్రేమను నేనేమీ అనను. ఆ పిల్ల నోరు పట్టుకుని తెరిచే చేతుల మీదే నా కోపం.

మొన్న ఒక కల్యాణ మంటపంలో చూశాను. మూడేళ్ల పిల్లోడు. ఒకామె వాడి దవడలు నొక్కి పట్టుకుంది, ఇంకొకామె ముద్ద లోపలికి తోసింది. వాడు ఏడుస్తూనే ఉన్నాడు. కళ్లు పైకి పోయాయి, ఓకరించాడు, తిన్నదంతా చొక్కా మీద కక్కేశాడు. "చూడు, కావాలనే చేస్తాడు" అన్నారు. ఏడుస్తూ గాలి పీల్చే పిల్లోడి నోట్లో తిండి కుక్కితే అది ఊపిరిగొట్టంలోకి పోయే ప్రమాదం ఉంది. ఆ మాట అక్కడ అనే మనిషి ఒక్కరూ లేరు. ముద్ద లోపలికి పోయిందా లేదా అన్నదే అందరి లెక్క.

తిరుమలలో వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో కూర్చున్నప్పుడు గమనించండి. రోజూ వేలమందికి వడ్డించే చోటు. అయినా ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే వడ్డించేవాళ్లు గరిటె వెనక్కి తీసుకుని పక్కవాళ్ల దగ్గరికి పోతారు. ఎందుకు చాలు అని అడగరు. పిల్లలు మొహం తిప్పడం, పెదాలు బిగించడం కూడా ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టడమే. మనకిచ్చే మర్యాద వాళ్లకు ఇవ్వడానికి అడ్డమేంటి?

తల్లులు చెప్పే బాధల్లో మొదటిది, "ఏడాది దాటిందో లేదో తినడం మానేసింది" అని. పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ ఏడాదికి సుమారు మూడింతలవుతుంది. రెండో ఏడాది మొత్తం కలిపి పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదించింది కాబట్టి ఆకలీ తగ్గుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే మనం గిన్నె పట్టుకుని వెంటపడటం మొదలుపెడతాం. రెండేళ్ల నుంచి ఐదారేళ్ల దాకా కొత్త తిండిని చూసి వెనక్కి తగ్గడం చాలామంది పిల్లల్లో ఉండేదే. కొందరిలో అది నిజమైన భయంగా మారుతుంది. వాసన, మెత్తదనం, జిగట వాళ్లకు మనకంటే చాలా ఎక్కువగా తగులుతాయి. మా పాపకు ఆ బిస్కెట్ ఎందుకిష్టమో నాకు అర్థమైంది, ఎప్పుడు కొరికినా అదే రుచి, అదే కరకర. బెండకాయ వేపుడు అలా ఉండదు కదా. ఒకరోజు కరకరలాడుతుంది, ఇంకోరోజు జిగురు సాగుతుంది.

అమెరికాలో ఎల్లిన్ శాటర్ అనే పోషకాహార నిపుణురాలు 1980లలోనే పని పంచి పెట్టారు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టి పెట్టాలి, ఇవి పెద్దల పని. తినాలా వద్దా, ఎంత తినాలి, ఇవి పిల్లల పని. 2006లో వచ్చిన ఒక పరిశోధనలో చిన్నపిల్లలకు సూప్ ఇచ్చి చూశారు. తాగేయమని ఒత్తిడి పెట్టనప్పుడే పిల్లలు ఎక్కువ తాగారు, పెట్టినప్పుడు "నాకొద్దు" అనే మాటలే ఎక్కువ వినిపించాయి.

ఇదంతా వాళ్ల దేశంలో, మన ఇళ్లలో కుదరదు అంటారా? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో నల్గొండ జిల్లాలో 60 పల్లెల్లో చేసి చూశారు. కొన్ని ఊళ్లలో తల్లులకు ఏం పెట్టాలో చెప్పారు. ఇంకొన్ని ఊళ్లలో దాంతోపాటు బిడ్డ సైగలు చూసి ఎలా తినిపించాలో, ఎలా ఆడించాలో కూడా నేర్పారు. 2013లో ఫలితాలు వచ్చాయి. అలా నేర్పిన ఊళ్లలో పిల్లల మానసిక ఎదుగుదల, ప్రత్యేకంగా ఏమీ నేర్పని ఊళ్ల పిల్లలకంటే మెరుగ్గా ఉంది. ఆ తల్లులు మనలాంటి తల్లులే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023లో ఆరు నెలల నుంచి రెండేళ్లలోపు పిల్లలకు, బిడ్డ సైగలు చూసి తినిపించే ఇదే పద్ధతి చెప్పింది.

అయితే ఇది అడిగిందల్లా ఇచ్చేయడం కాదు. మా ఇంట్లో వంట ఒకటే. అందరికీ వండిందే తన కంచంలోనూ పెడతాం, తను తప్పకుండా తినేది ఒకటి పక్కన ఉంటుంది. పూటకూ పూటకూ మధ్య రెండు మూడు గంటల ఎడం, ఆ ఎడంలో మంచినీళ్లే. ఫోన్ ఉండదు. ఫోన్ చూస్తూ మింగే బిడ్డకు కడుపు నిండిన సంగతే తెలియదు. ఈ ముద్ద తింటే చాక్లెట్ ఇస్తా అనే బేరమూ ఉండదు, దానివల్ల చాక్లెట్ మీద మోజు పెరుగుతుంది, కూర మీద విసుగు పెరుగుతుంది. అరగంట దాటితే కంచం తీసేస్తాం. తిట్లూ ఉండవు, శభాష్‌లూ ఉండవు. పాలు కూడా చూసుకోవాలి. అన్నం తినలేదని గ్లాసు మీద గ్లాసు పాలు పోస్తే ఇక ఆకలి ఎక్కడుంటుంది? రోజుకు అర లీటరు దాటకపోతే మంచిది.

చలికాలంలో మా అత్త అనపగింజలు నానబెట్టి పితకడానికి కూర్చుంటుంది. పాప వెళ్లి పక్కన కూర్చుంది. తినమని ఎవరూ అనలేదు. గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే పప్పు జారి గిన్నె బయట పడుతుంటే తనకు నవ్వే నవ్వు. కాసేపటికి ఒక పప్పు ముక్కు దగ్గర పెట్టుకుంది. పెదాలకు ఆనించి, తీసి, మళ్లీ గిన్నెలో వేసింది. అత్త చూసీ చూడనట్టు ఉండిపోయింది, ఆ విషయంలో ఆమెకు నేను ఎంత రుణపడ్డానో చెప్పలేను. చాలా రోజుల తర్వాత, పితికిపప్పు కూరలోంచి ఒక్క పప్పు ఏరుకుని నోట్లో వేసుకుంది. ఇప్పటికీ పులుసు ముట్టదు, పప్పు మాత్రం ఏరుకుని తింటుంది. కొత్త రుచి అలవాటు కావడానికి పది, పదిహేను సార్లు ఎదురుపడాలంటారు. భయం ఉన్న పిల్లలకు ఇంకా ఎక్కువే పడుతుంది. చూడటం, తాకడం, వాసన చూడటం కూడా అందులో లెక్కే.

ఆకలి పుట్టించే సిరప్‌ల గురించి ఒక మాట. వాటిలో చాలావాటిల్లో ఉండే సైప్రోహెప్టాడిన్ అసలు అలర్జీ మందు, మత్తు వస్తుంది. డాక్టరు చూడకుండా మెడికల్ షాపులో అడిగి తెచ్చి పోయకండి.

ఓపిక పడితే అన్నీ సర్దుకుంటాయని కూడా నేను అనను. బరువు తగ్గుతున్నా, ఎదుగుదల చార్టులో గీత కిందికి జారుతున్నా, నిన్నటిదాకా తిన్నవి ఒక్కొక్కటే మానేస్తున్నా, మింగేటప్పుడు దగ్గు, పొలమారడం ఉన్నా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించాలి. రక్తహీనత, మలబద్ధకం కూడా ఆకలిని చంపేస్తాయి. భయం వల్లో, వాసన, మెత్తదనం పడకో తిండిని బాగా తగ్గించేసే ఆర్ఫిడ్ అనే సమస్య ఒకటుంది, 2013 నుంచి మానసిక వైద్యుల పుస్తకాల్లో దానికి చోటుంది. తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల విభాగం ఉంది. బరువు చూడటానికి అంగన్‌వాడీ ప్రతి వీధికీ దగ్గరే. చుట్టాల కంటిచూపు కన్నా ఆ తూకం నమ్మండి.

జూన్‌లో బడులు తెరుస్తారు. టీచరమ్మలకు నా విన్నపం ఒక్కటే. డబ్బా ఖాళీ చేసేదాకా ఆటకు పంపనని కూర్చోబెట్టకండి. పక్క పిల్లోడిని చూపించి "వాడు చూడు, ఎంత బాగా తింటున్నాడో" అనకండి. మిగిలింది మిగిలినట్టే మూతపెట్టి ఇంటికి పంపించండి. ఎంత తిన్నదో మాకు తెలిస్తే చాలు.