లవత్తు తెచ్చిన తంటా

మా అమ్మాయి వాళ్లుండే ఒహాయోలోని కొలంబస్ నుంచి ఇండియానాపోలిస్‌కు కారులో దాదాపు 3 గంటల ప్రయాణం. టికెట్టు మీదున్న మాటను నేను ‘డ్రమ్ కార్ప్స్’ అని చదవగానే వెనక సీట్లో మనవడు నొచ్చుకుని, ‘డ్రమ్ కోర్’ అనాలి తాతయ్యా, చివరి రెండక్షరాలూ రాయడానికే గాని పలకడానికి కాదు అని దిద్దాడు. తెనాలిలో 30 ఏళ్లు తెలుగు పంతులుగా ఉండి, వత్తు మింగిన ప్రతి కుర్రాడి చెవీ మెలిపెట్టిన నాకు ఈ పద్ధతి మింగుడుపడలేదు.

డ్రమ్ కోర్ అంటే బాకాలు, డ్రమ్ములు వాయిస్తూ మైదానంలో కవాతు చేసే కుర్రకారు జట్టట. దారిలో వాడు చెప్పిన మిగతాదాని సారం ఇది. ఒక్కో జట్టులో 150 మంది పైచిలుకు కుర్రకారు వేసవంతా బస్సుల్లో ఊరూరా తిరుగుతూ, బడుల్లోని ఆటల హాళ్లలో నేల మీద పడుకుంటూ, పగలంతా ఎండలో సాధన చేసి, ఆగస్టులో తుది పోటీకి ఇక్కడికి చేరతారు. బాకాలు, డ్రమ్ములు, జెండాలు ఉంటాయి గాని, మన పెళ్లి బ్యాండుకు ప్రాణమైన క్లారినెట్టుకు మాత్రం ప్రవేశం లేదు. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది డబ్బు సంగతి. మన దగ్గర బ్యాండు వాళ్లకు అడ్వాన్సు ఇచ్చి, బతిమాలి పిలిపించుకుంటాం. ఇక్కడ వాయించేవాళ్లే వేల డాలర్లు ఎదురు కట్నం పోసి మరీ చేరతారు.

లూకస్ ఆయిల్ స్టేడియంలో నేను పట్టుబట్టి ముందు వరసలో కూర్చున్నాను. కచేరీలో ముందు వరస పెద్దలదన్నది మా కాలపు మర్యాద. తీరా చూస్తే ఇక్కడ తెలివైనవాళ్లందరూ పైఅంతస్తులో ఉన్నారు. 5 గజాల దూరాన్ని సరిగ్గా 8 అంగల్లో దాటే లెక్కన, ఒకరి భుజం మరొకరికి తగలకుండా, వెనక్కి నడుస్తూ కూడా బాకా వంచకుండా ఆ పిల్లలు నేల మీద వేసే ముగ్గు పైనుంచి చూసేవాళ్లకే కనబడుతుంది. ముందు వరసలో ఉన్నవాడికి కనబడేది ముగ్గు కాదు, చుక్కలే. బాకాలన్నీ ఒక్కసారి మావైపు తిరిగి గట్టిమేళం అందుకున్నప్పుడు ఆ చుక్కలు నాకు పట్టపగలే కనబడ్డట్టయింది. చొక్కా జేబులోని కళ్లజోడు పెట్టె దడదడలాడింది.

అయితే ముందు కూర్చున్న పుణ్యమూ కొంత దక్కింది. సరిగ్గా నా ఎదుట ఒక అమ్మాయి మారింబా అనే పలకల వాద్యం దగ్గర నిలబడి, చేతికి రెండు చొప్పున నాలుగు పుల్లలతో వాయిస్తోంది. కష్టమైన చోటు రాగానే నాలుక కొస పంటి కింద పెట్టుకోవడం, అది దాటగానే అరచెయ్యి గబుక్కున ప్యాంటుకు తుడుచుకోవడం చూస్తుంటే, పరీక్ష హాల్లో చివరి పది నిమిషాలు గుర్తొచ్చి నాకే చెమటలు పట్టాయి. పోటీ 100 మార్కులకట. 2008లో ఫాంటమ్ రెజిమెంట్ అనే జట్టు కేవలం 0.025 మార్కు తేడాతో గెలిచిందని మనవడు చెబితే, అర మార్కు కోసం నా చుట్టూ తిరిగిన పిల్లలకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

అసలు ముచ్చట ఆ తరువాతిది. నీలి పేరున్న ఒక జట్టు మైదానంలోకి వస్తుండగానే చుట్టుపక్కల జనం ‘బూ…’ అంటూ అందుకున్నారు. మా అల్లుడితో కలిసి టీవీలో ఫుట్‌బాల్ చూసిన అనుభవం వల్ల, ‘బూ’ అంటే ఇక్కడివాళ్లు ఈలలేసి దింపేయడమని నాకు బాగా తెలుసు. పిల్లలు ఇంకా ఒక్క స్వరమైనా ఊదలేదు! నాలోని పంతులు లేచాడు. నా పక్కన నీలం బనియనుతో, అందరికంటే గట్టిగా అరుస్తున్న పెద్దావిడ వైపు తిరిగి, పసివాళ్లను ఇలా అవమానించడం న్యాయమేనా, మీ పిల్లలే అక్కడుంటే ఇలా అరుస్తారా అని నాకొచ్చిన ఇంగ్లీషులో నిలదీశాను. ఆవిడ ఏమాత్రం నొచ్చుకోకుండా, ట్రంపెట్ల వరసలో మూడోది మా అమ్మాయే, అందుకే అరుస్తున్నానని చెప్పింది.

మనవడు నా చెవిలో విడమరిచాడు. అది ‘బూ’ కాదు, ‘బ్లూ’. వచ్చినవాళ్లు బ్లూకోట్స్, మన ఒహాయోలోని కాంటన్ జట్టు. అభిమానులు వాళ్లను అలా దీర్ఘం తీసి పిలవడం ఆనవాయితీ. అంటే ఇన్ని వేల గొంతులు కలిసి ఒక్క లవత్తును మింగేశాయన్నమాట. నేను ఆవిడకు క్షమాపణ చెప్పి, ప్రాయశ్చిత్తంగా ఆ జట్టు వాయించినంతసేపూ, లవత్తు స్పష్టంగా వినబడేలా, ఆవిడతో పోటీపడి కేకలు పెట్టాను. ఆవిడ సంతోషించి నాకు పాప్‌కార్న్ కూడా పెట్టింది.

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. కాసేపటికి మరో జట్టు పేరు ప్రకటించారు: కాలిఫోర్నియాలోని కాంకర్డ్ నుంచి వచ్చిన బ్లూ డెవిల్స్. పేరులోనే బ్లూ ఉంది కదా, చప్పట్లు సద్దుమణిగిపోతున్నాయి కదా, ఈ పిల్లలు మాత్రం ఏం పాపం చేశారని, నేను ఒంటరిగా లేచి నిలబడి, బడి గంట కొట్టే రోజుల నాటి గొంతుతో ‘బ్లూ…’ అని అందుకున్నాను. లవత్తును నేను నిక్కచ్చిగానే పలికాను. ఆ సంగతి ఎక్కడైనా ప్రమాణం చేసి చెప్పగలను. కానీ అంత పెద్ద కప్పు కింద అది ఎక్కడ రాలిపోయిందో, నిశ్శబ్దంలో నలుమూలలా తిరిగి నా చెవికే చేరింది మాత్రం అచ్చమైన ‘బూ…’

ముందు మూడు వరసలవాళ్లు నావైపు తిరిగారు. నీలం బనియను పెద్దావిడ పాప్‌కార్న్ డబ్బా తన ఒళ్లోకి లాక్కుంది. రబ్బరు చెప్పులు వేసుకొచ్చిన మా మనవడు వంగి, లేని బూటు తాడు చాలా శ్రద్ధగా కట్టుకోసాగాడు.