సంతకం పెట్టని కొండ

అగ్నిపర్వతాల తీరు నానాటికీ పర్యాటక వ్యతిరేకంగా తయారవుతోంది. డబ్బు పోసి, సెలవు పెట్టి, ఆయాసపడుతూ ఎక్కి వచ్చిన మనిషి ముందు ఎప్పుడు పేలాలో, ఎప్పుడు ఊరుకోవాలో వాటికి బొత్తిగా తెలియడం లేదు. ఎవరో ఒకరు గట్టిగా మాట్లాడక తప్పదు.

ఇటలీలోని స్ట్రాంబోలీనే తీసుకోండి. రెండు వేల ఏళ్లుగా గంటకు కొన్నిసార్లు నిప్పులు చిమ్ముతూ 'మధ్యధరా దీపస్తంభం' అని పేరు తెచ్చుకుంది. అంత మంచి సర్వీసు రికార్డు ఉన్నది కాస్తా 2019 జులై 3న చెప్పాపెట్టకుండా భారీగా పేలి, కొండెక్కుతున్న ఒకరి ప్రాణం తీసింది.

జపాన్‌లోని ఒంటాకేది మరీ అన్యాయం. 2014 సెప్టెంబరు 27న, అదీ శనివారం మధ్యాహ్నం వేళ, శిఖరం నిండా జనం ఉండగా పేలింది. మృతులు, ఆచూకీ దొరకనివారు కలిపి 63 మంది. అప్పటికి హెచ్చరిక స్థాయి 1, అంటే అన్నిటికంటే కిందిమెట్టు. శిలాద్రవం పైకి వస్తుంటే పరికరాలు పసిగట్టే అవకాశం ఉంటుంది. ఇక్కడ వేడెక్కిన భూగర్భజలం ఒక్కసారిగా ఆవిరైంది. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతుంది. ఇంత పని పెట్టుకున్న నీరు కనీసం ఒక్కరోజు ముందు నోటీసు ఇవ్వొద్దా?

న్యూజిలాండ్‌లోని వకారీ అనే అగ్నిపర్వత దీవి మాత్రం నోటీసు ఇచ్చింది. 2019 నవంబరులో దాని హెచ్చరిక స్థాయిని 2కు పెంచారు. పరీక్షలో ఐదుకి రెండొస్తే పెదవి విరిచే మనం, కొండకు ఐదుకి రెండొస్తే టికెట్టు కొంటాం. ఆ కొలమానంలో 3 అంటే విస్ఫోటనం మొదలైనట్టే. పేలకుండా ఉన్న స్థితుల్లో 2 ఆఖరిది. పడవలు తిరుగుతూనే ఉన్నాయి. డిసెంబరు 9న అది పేలినప్పుడు దీవి మీద 47 మంది ఉన్నారు, వారిలో 22 మంది చనిపోయారు.

నిపుణులను వెంట తీసుకెళ్తే సరి అంటారా? 1993లో కొలంబియాలోని గలేరాస్, అగ్నిపర్వతాల మీద సదస్సుకు వచ్చిన శాస్త్రవేత్తల్లోనే ఆరుగురిని పొట్టన పెట్టుకుంది, మరో ముగ్గురు సందర్శకులతో పాటు. పాండిత్యానికి అక్కడ విలువ లేదు.

అలాగని చూడకుండా ఉండగలమా! 2021లో ఐస్‌లాండ్‌లోని ఫగ్రదాల్స్‌ఫ్యాల్ దగ్గర ఆరు నెలల పాటు లావా పారితే, జనం వాలు మీద బారులు తీరి కూర్చుని చూశారు. నేల కరిగి నదిలా కదులుతుంటే నోరెళ్లబెట్టని మనిషి ఉంటాడా? కొందరు మరీ ముచ్చటపడి ఆ నల్లటి పెంకు మీద నడిచారు కూడా. దాని కింద ఉండేది వెయ్యి డిగ్రీల పైచిలుకు వేడి. పైన మాత్రం చక్కగా ఫోటోకు పనికొచ్చే నలుపు.

కనుక ప్రభుత్వాలకు నాదొక విన్నపం. 'ఏం జరిగినా బాధ్యత నాదే' అని రాసిన హామీపత్రం మీద ఇప్పటిదాకా పర్యాటకుడి చేతే సంతకం పెట్టిస్తున్నారు. పేలేది అతడు కాదు. ఆ కాగితాన్ని బిలం అంచుదాకా తీసుకెళ్లి కొండ చేత కూడా సంతకం పెట్టించాలి. అందుకు వెళ్లే బృందానికి దరఖాస్తులు ఆహ్వానించవచ్చు. దరఖాస్తుదారులు ముందుగా తమ హామీపత్రాల మీద సంతకాలు చేసి జతపరచాలి.