పేదల పెట్టె గారికి వందనాలు

మహారాజశ్రీ పేదల పెట్టె గారికి, ప్రభువు నామమున వందనాలు.

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం వైపు చర్చిల్లో తలుపు పక్కన, పేదల కోసం కానుకలు పోగేస్తూ తమరు నిలబడే దర్జా అందరికీ తెలిసిందే. నెత్తిన నాణెం పట్టేంత చీలిక, ఒంటికి రెండు తాళాలు. డబ్బు లోపలికి పోవడానికి ఏ షరతూ లేదు, బయటికి రావడానికే కమిటీ తీర్మానం కావాలి.

లోపల పడింది దేవుడి సొమ్ము, ముట్టుకోకూడదని తమరి పక్షం వాదన. పాత వాదనే. అమ్మానాన్నల్ని చూడమంటే "ఇది కొర్బాను, దేవుడికిచ్చేశాం" అని చేతులు దులుపుకున్నవాళ్లని మార్కు 7లో యేసు ప్రభువు నిలబెట్టి కడిగేశాడు. తమరికి ఆ అధ్యాయం కంటే 1 తిమోతి 5 రుచి: సంఘం సాయం జాబితాలో చేరాలంటే విధవకు 60 ఏళ్లు నిండాలి. కాబట్టి ఆధార్ జిరాక్సులో 58 ఉన్నావిడ మరో రెండేళ్లు ఆకలి వాయిదా వేసుకోవాలి. పిల్లలుంటే వాళ్లే చూడాలన్న మాటా అక్కడే ఉంది. కొడుకు సూరత్ మగ్గాల దగ్గర ఉన్నాడు కదా అని దరఖాస్తు తిప్పికొట్టడానికి అది చాలు. వాడు నెలనెలా పంపుతున్నాడా అని ఫోన్ చేసి అడిగే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇక తమరిని గొడ్డలితో పగలగొట్టాలనే కుర్రకారు ఉంది. "నియమాలెందుకన్నా, ప్రేమ ఉంటే చాలు" అంటారు. 1966లో ఈ గోల రేపిన అమెరికా ఎపిస్కోపల్ గురువు జోసెఫ్ ఫ్లెచర్‌ని సాక్ష్యానికి పిలుస్తారు. ఆయన మాట సగమే విన్నారు. నియమాన్ని చేత పట్టుకునే రమ్మన్నాడాయన. పొరుగువాడి మేలుకు అడ్డొస్తేనే పక్కన పెట్టమన్నాడు. అసలు నియమాలే వద్దనే దారినీ కాదన్నాడు. పైగా నాలుగు లెక్కలు తేల్చమన్నాడు: ఏం సాధించాలి, ఏ మార్గాన, ఏ ఉద్దేశంతో, తర్వాత ఏమవుతుంది.

డయాలసిస్ రోగి వచ్చాడనుకోండి. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి సుమారు 4 గంటలు. కుర్రకారు ప్రేమ పొంగి 5,000 ఒకేసారి చేతిలో పెట్టి, ఫోటో దిగి, వాట్సాప్‌లో పెడుతుంది. అతనికి కావలసింది ఒక్కసారీ తప్పకుండా వెళ్లగలగడం. జిల్లా ఆసుపత్రిలో ఉచితంగా చేస్తారేమో ముందు అడగాలి. సరిహద్దు దాటి శ్రీకాకుళమే వెళ్లాల్సొస్తే ఒడిశా కార్డు అక్కడ చెల్లుతుందో లేదో కూడా కనుక్కోవాలి. బస్సు ఛార్జీ రోగికీ, తోడు వెళ్లే భార్యకీ. ఆవిడకి ఆ రోజు కూలీ పోయినట్టే. ఇవన్నీ కలిపి వారం లెక్క కట్టి, వారం వారం ఇవ్వాలి. ఒకేసారి ఇచ్చింది ఇంటి అప్పుకి పోతుంది, నెల తిరక్కుండా అతను వెళ్లడం మానేస్తాడు. ఉద్దేశం సంగతి ఫోటోలోనే తెలుస్తోంది.

లూకా 10లో, దొంగలు కొట్టి దారిలో పడేసినవాణ్ని ఆదుకున్న సమరయుడి పద్దు చూడండి. గాయాలకి నూనె, ద్రాక్షారసం, సొంత వాహనం, పూటకూళ్ల ఇల్లు, రొక్కం రెండు దేనారాలు, అంటే రెండు రోజుల కూలి, పైన అయ్యే ఖర్చు మళ్లీ వచ్చినప్పుడు తీరుస్తానని మాట. ఖాతా మూయకుండానే బయల్దేరాడు. తమరి పుస్తకంలో అలా తెరిచి ఉంచిన ఖాతా ఒక్కటైనా ఉంటే చూపించండి.

అలాగని తాళాలు పీకి పారేయమనడం లేదు. ఫ్లెచర్ ఉదాహరణలు ఎక్కువగా విపరీత సందర్భాలేనని స్కాట్లండ్ బైబిల్ పండితుడు విలియం బార్క్లే అన్నది సబబే. రోజువారీ కేసులకి నియమం ఉండాలి. లేకపోతే ప్రేమ నేరుగా కోశాధికారి బావమరిది ఇంటిదారి పడుతుంది.

అయితే నియమం ఎవరి చేతిలో ఉండాలన్నది అపొస్తలుల కార్యములు 6లో ఉంది. తొలి సంఘపు రోజువారీ వడ్డనలో తమ విధవరాళ్లని చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడేవాళ్లు సణిగారు. అపొస్తలులు ప్రేమ మీద ప్రసంగం పెట్టలేదు, ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను మొదలు నికొలాసు దాకా ఏడూ గ్రీకు పేర్లే. సణిగినవాళ్ల వైపుకే గరిటె వెళ్లింది.

తమరి కమిటీలో ఇక్కడి గిరిజనుల భాష సవర మాట్లాడేవాళ్లెందరు? వెనక చాప మీద కూర్చునే ఆడవాళ్లెందరు? జవాబు ఈ నెలాఖరులోగా నోటీసు బోర్డుకి అంటించగలరు. తెలుగులో రాయడానికి మొహమాటమైతే ఒడియాలో రాసినా చదువుకుంటాం.

ఇట్లు,
తమరి నెత్తిన అప్పుడప్పుడూ పది రూపాయలు వేసే విశ్వాసులు