మృగశిర లోపు పడితేనే అది పెట్టుబడి

రైతు ఖాతాలో ప్రభుత్వం వేసే డబ్బు గురించి మన దగ్గర గొడవంతా ఎంత అన్నదాని చుట్టూనే. తెలంగాణలో రైతుబంధు ఎకరాకు పంటకు 4,000తో మొదలైంది, 5,000 అయింది, ఇప్పుడు రైతు భరోసా పేరుతో 6,000. ఎన్నికలొచ్చాయంటే ఎవరో ఒకరు ఇంకో వెయ్యి కలుపుతారు. టీవీ చర్చలో ఒకాయన ఉచితాలంటాడు, ఇంకొకాయన రైతు హక్కంటాడు. ఆ డబ్బు ఏ నెలలో పడింది, పడేనాటికి రైతు ఎవరికెంత బాకీ ఉన్నాడు అని మాత్రం ఎవరూ అడగరు. ఆ ఇంట్లో ఏమైనా మారిందా లేదా అన్నది తేలేది అక్కడే.

రెండెకరాల పత్తి రైతును తీసుకోండి. మే నెలాఖరుకి దుక్కి అయిపోవాలి, ట్రాక్టర్ కిరాయి రొక్కం. ఆ వెంటనే విత్తనాల ప్యాకెట్లు, డీఏపీ ఎరువు. చేతిలో పైసా లేకపోతే ఎరువుల దుకాణంలో ఉద్దెర. షాపాయన నోటుబుక్కులో రాసుకుంటాడు, నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ, కొన్నిచోట్ల మూడు. ఉద్దెరకు వచ్చినవాడు ఫలానా విత్తనమే కావాలని గట్టిగా అడగలేడు. "ఇది మంచిగ వస్తది, తీస్కపో" అంటే తెచ్చుకోవడమే. చాలా ఊళ్లలో పంట కొనేది కూడా ఆ షాపాయనే, లేకపోతే ఆయనకు తెలిసిన అడ్తిదారు. అంటే గింజ భూమిలో పడకముందే పత్తి ఎవరింటికి పోవాలో ఖరారైపోయింది.

లెక్క వేద్దాం. రెండెకరాలకు వచ్చే సాయమెంతో ఉద్దెర కూడా అంతే, 12,000 అనుకుంటే, దాని మీద రెండు రూపాయల వడ్డీ ఆరు నెలలకు 1,440. ఈ నష్టం అందరికీ కనిపిస్తుంది. అసలు దెబ్బ అమ్మకం దగ్గర తగులుతుంది. రెండెకరాల్లో 16 క్వింటాళ్లు వచ్చిందనుకుందాం. బాకీ ఉన్నాడు కదా అని షాపాయన క్వింటాకు 300 తగ్గించి కట్టాడంటే 4,800 పోయినట్టే. తరుగు పేరుతో కోసేది వేరు. 2025-26కి పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. ఆ ధర కావాలంటే కేంద్రం తరఫున పత్తి కొనే సీసీఐకి అమ్మాలి. వాళ్లు తేమ 12 శాతం దాటితే కొనరు, 8 దాటిన కొద్దీ ధర తగ్గిస్తారు. పత్తి ఆరబెట్టాలి, వరసలో నిలబడాలి, డబ్బు ఖాతాలో పడేదాకా ఆగాలి. బాకీ ఉన్నవాడు అన్ని రోజులు ఆగలేడు, షాపాయన ఆగనివ్వడు.

మృగశిర కార్తె లోపు, అంటే జూన్ మొదటి వారంలో రొక్కం పెట్టి విత్తనం, ఎరువు కొనుక్కున్న రైతుకు ఈ టెన్షన్ చాలావరకు లేదు. అతనికి వచ్చిన 12,000తో పాటు వడ్డీలో, ధరలో మిగిలిన ఆరు వేలకు పైగా కలిపి చూడాలి. అదే 12,000 సెప్టెంబరులో పడితే నేరుగా షాపాయన దగ్గరికే పోతుంది. సర్కారు పుస్తకాల్లో రెండూ ఒకటే ఖర్చు.

ఈ సంగతి మొదట్లో ప్రభుత్వానికి తెలియక కాదు. 2018 మే 10న రైతుబంధు మొదలైనప్పుడు దుక్కులకు ముందే ఊరూరా చెక్కులు పంచారు. పథకంలోని అసలు తెలివి ఆ తేదీలోనే ఉంది. తర్వాత ముందు ఎకరం వాళ్లకు, ఆ తర్వాత రెండెకరాల వాళ్లకు అంటూ విడతలవారీగా వేయడం అలవాటైంది. చిన్న రైతులకు ముందు అందడం వరకు బాగానే ఉంది, కానీ వరసలో వెనకున్నవాళ్ల నాట్లు ఖజానాలో డబ్బు చేరేదాకా ఆగవు కదా. 2024 వానాకాలానికి అసలు పడనే లేదు. రైతు భరోసా పేరుతో 2025 జనవరి 26న మొదలైన యాసంగి (రబీ) డబ్బు మార్చి దాకా పడుతూనే ఉంది. అప్పటికి వరి పొట్ట మీదకొచ్చింది. అదే ఏడాది జూన్‌లో మాత్రం వానాకాలం డబ్బు దాదాపు తొమ్మిది వేల కోట్లు తొమ్మిది రోజుల్లో వేశారు. తలుచుకుంటే అవుతుందన్నమాట.

ఆంధ్రలోనూ ఇదే కథ. అక్కడ 2019లో వచ్చిన రైతు భరోసాలో (పేరొకటే, పథకం వేరు) ఏడాదికి 13,500 ఇస్తే, అందులో 7,500 మేలోనే వేయాలని పెట్టుకున్నారు. లెక్క సరైనదే. ఇప్పటి అన్నదాత సుఖీభవలో కేంద్రం ఇచ్చే 6,000 కలుపుకుని ఏడాదికి 20,000. మొత్తం పెరిగింది, సంతోషం. కానీ మొదటి విడత 7,000 పడింది 2025 ఆగస్టు 2న. డెల్టాలో నాట్లు వేసేవాళ్లకు అది కొంత పనికొచ్చి ఉంటుంది. జూన్, జూలైల్లో వేరుశనగ వేసే అనంతపురం రైతుకు విత్తనాల అప్పు అప్పటికే అయిపోయింది.

ఇక కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్. నాలుగు నెలలకోసారి 2,000. డీఏపీ బస్తా 1,350, యూరియా బస్తా 266.50. ఒక డీఏపీ, రెండు యూరియా కొంటే 1,883. మిగిలింది ఆటోకి. 2019 నుంచి ఆ ఆరు వేలు ఆరు వేలుగానే ఉన్నాయి. దీన్ని పెట్టుబడి అనడం మర్యాద కోసమే. అయినా తీసిపారేయలేం. పిల్లల నోటుబుక్కులకో, ముసలమ్మ బీపీ మందులకో ఎవరినీ చేయి చాచకుండా సరిపోతుంది. "సాగుకిచ్చిన డబ్బు ఇంటికి వాడేస్తున్నారు" అని కొందరు ఆక్షేపిస్తుంటారు. రైతు ఇంట్లో సాగుకొక జేబు, ఇంటికొక జేబు ఉండవు. ఈ డబ్బుతో ఫీజు కట్టకపోతే ఎరువు కోసం దాచిన డబ్బుతో కట్టేవాడు.

అసలు తిరకాసు, షాపులో ఉద్దెరకు నిలబడ్డ మనిషి ఎవరన్నది. ఎక్కువగా పట్టాదారు పాస్‌బుక్ ఉన్నవాడికే డబ్బు. కౌలుదారుకు తెలంగాణలో రైతుబంధు రాలేదు, దేశమంతటా పీఎం కిసాన్ లేదు. దానికి తోడు 2019 ఫిబ్రవరి 1 తర్వాత భూమి కొనుక్కున్న సొంతదారుకు కూడా పీఎం కిసాన్ రాదు, వారసత్వంగా వస్తే తప్ప. రైతుబంధుకు ఎకరాల పరిమితి లేకపోయింది కాబట్టి ఎకరాకు 5,000 ఉన్నప్పుడు ఇరవై ఎకరాల ఆసామికి పంటకు లక్ష వచ్చింది. ఆయన హైదరాబాద్‌లో ఉంటూ భూమి కౌలుకిచ్చినా సరే. దున్నినవాడు కౌలూ కట్టాడు, ఉద్దెరా తెచ్చాడు. సాయం వచ్చింది కదా అని కౌలు తగ్గించిన ఆసామి ఎక్కడో ఉండొచ్చు, నాకైతే తగల్లేదు. చివరికి చావు దగ్గరా ఇదే తేడా. ఐదు లక్షల రైతు బీమా పాస్‌బుక్ ఉన్న ఇంటికే వస్తుంది. పొలంలో రోజంతా కలుపు తీసే ఇల్లాలి పేరున పట్టా లేకపోతే ఆమె కూడా రైతు కిందకు రాదు.

ఆంధ్రలో 2019 చట్టం కౌలుదారుకు సాగు హక్కు పత్రం ఇస్తామంది. అది పదకొండు నెలలకు, పైగా ఆసామి ఒప్పుకోవాలి. భూమి మీద దీనివల్ల ఏ హక్కూ రాదని చట్టంలో స్పష్టంగా రాసి ఉన్నా సంతకం పెట్టడానికి జంకేవాళ్లే ఎక్కువ. "నోటిమాట మీద నడుస్తోంది కదా, కాగితాలెందుకు" అంటారు.

ఆసామి సంతకం కోసం ఎదురుచూసే కంటే పొలంలో ఎవరున్నారో రాసుకోవడం తేలిక. ఆంధ్రలో పంటల నమోదుకు ఈ-పంట ఉంది, తెలంగాణలో ఏఈవోలు (వ్యవసాయ విస్తరణ అధికారులు) ఏటా సర్వే నంబరు వారీగా పంటలు నమోదు చేస్తున్నారు. ఆ నమోదులో సాగుదారు పేరు తప్పనిసరి చేసి, కిందటేటి జాబితాలో ఉన్న పేర్లకే మృగశిరకు ముందొచ్చే రోహిణి కార్తెలో సగం డబ్బు వేయొచ్చు. మిగతా సగం ఈ ఏటి నమోదు పూర్తయ్యాక. కౌలుదారు మారిన చోట మొదటి సగం తప్పు మనిషికి పోతుంది, నిజమే. ఇప్పుడు దున్నని ఆసామికి మొత్తం పోతోంది.