ఇంకా పుట్టని కొవ్వాడ అణు కేంద్రం గారికి

మహారాజశ్రీ కొవ్వాడ అణువిద్యుత్ కేంద్రం గారి సముఖమునకు,

విశాఖపట్నం నుంచి ఒక మామూలు కరెంటు వినియోగదారుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరూ క్షేమమని తలుస్తాను. ఇంకా పుట్టనేలేదు కాబట్టి తమరికొచ్చే ఇబ్బందులు కూడా ఏమీ ఉండవులెండి.

తమరి చిరునామా నాకు తెలుసు. మా ఊళ్లో శ్రీకాకుళం బస్సెక్కి, భోగాపురం దాటి, పైడిభీమవరం మందుల కంపెనీల దగ్గర కాసేపు ముక్కు మూసుకుని, రణస్థలంలో దిగి, ఆటోలో సముద్రం దిక్కుకి పోతే వచ్చేస్తుంది. కొబ్బరిచెట్లున్నాయి, పడవలున్నాయి, ఇసకలో ఆరేసిన వలలున్నాయి. తమరొక్కరే లేరు. ఉండాల్సింది ఆరు రియాక్టర్లు, ఒక్కోటీ 1,208 మెగావాట్లు, వెరసి 7,248. మా పరవాడ దగ్గర సింహాద్రి బొగ్గు కేంద్రం మొత్తం కలిపితే 2,000. అంటే తమరు మూడున్నర సింహాద్రులు. వినడానికైతే ఎంత బాగుందో!

తమరి జాతకం కాస్త తిరగేశాను. 2009లో సూత్రప్రాయంగా అనుమతి వచ్చింది. మొదట జనరల్ ఎలక్ట్రిక్ వారి రియాక్టర్లన్నారు. 2010లో అణు ప్రమాద పరిహార చట్టం వచ్చింది. యంత్రంలో లోపముంటే దాన్ని అమ్మినవాడిని కూడా పట్టుకోవచ్చని అందులో ఒక సెక్షను పెట్టారు. అది ఉన్నంతకాలం మేం రామన్నారు ఆ కంపెనీవారు. 2016లో వెస్టింగ్‌హౌస్ వారొచ్చారు. నిజానికి వాళ్లకి ముందు చూపించిన చోటు గుజరాత్‌లో భావ్‌నగర్ జిల్లా మీఠీ విర్డీ. అక్కడి రైతులు ససేమిరా అన్నారు. సరే, ఆంధ్రావాళ్లు మంచోళ్లు కదా అని ఇటు తిప్పారు. 2017 మార్చికల్లా వెస్టింగ్‌హౌస్ వారే దివాలా పిటిషన్ వేసుకున్నారు. తర్వాత యజమానులు మారి కంపెనీ మళ్లీ లేచి నిలబడింది. తమరి ఫైలు మాత్రం కూర్చునే ఉంది.

ఈ గుజరాత్ లెక్క నాకు భలే నచ్చింది. శ్రీకాకుళం తీరంలో వేట గిట్టక మన జాలర్లు వేరావల్ పోయి అక్కడి బోట్ల మీద కూలికి వేటాడతారు. 2018లో అలా పోయినవాళ్లని సరిహద్దు దాటారంటూ పాకిస్తాన్ పట్టుకుపోయి, ఏడాది దాటాక గానీ వదల్లేదు. మనం మనుషుల్ని గుజరాత్ పంపుతాం, గుజరాత్ వద్దన్న రియాక్టర్లు మన దగ్గరికొస్తాయి. సమాఖ్య స్ఫూర్తి అని పాఠ్యపుస్తకాల్లో రాసేది ఇదే కాబోలు.

తమరి ఊళ్లో ఒక ఇల్లు చూశాను. కింద రెండు గదులు, పైన స్లాబు, స్లాబు మీద నాలుగు మూలలా పైకి లేచిన ఇనుప చువ్వలు. మేడ వేద్దామని వదిలినవి. ఉప్పుగాలికి తుప్పు పట్టి, చేత్తో తడిమితే పొట్టు రాలుతోంది. ఒక చువ్వకి ప్లాస్టిక్ బిందె బోర్లించారు, ఇంకోదానికి వల వేలాడేశారు. ‘పైన గది ఎయ్యలేదేటి?’ అని అడిగితే ఇంటాయన, ‘ఊరు లేపేత్తారంట కదా బాబూ, లేచిపోయే ఊరికి మేడెందుకు?’ అన్నాడు. ‘ఎప్పుడు లేపుతారు?’ అన్నాను. ‘అది మాత్రం ఎవుడూ సెప్పడు’ అన్నాడు. 2009లో ఆ ఊళ్లో పుట్టిన పిల్లలు ఇప్పుడు ఇంటర్ ఈడుకొచ్చారు. వాళ్లకి ఊహ తెలిసినప్పటినుంచీ సర్వేవాళ్లు రావడం, రాయి పాతడం, మీటింగు పెట్టడం, కాఫీలు తాగి వెళ్లడమే. ఒక్క యూనిట్ కరెంటు పుట్టించకుండా ఒక ఊరిని ఇన్నేళ్లు ఆపగలిగిన విద్యుత్ కేంద్రం ప్రపంచంలో ఇంకోటి ఉందేమో, తమరికి తెలిస్తే చెప్పండి.

రియాక్టరంటే మాకు భయమని మాత్రం అనుకోవద్దు. తమరికి అనుమతి వచ్చిన 2009లోనే, జులై 26న, మా విశాఖలో అణు జలాంతర్గామి అరిహంత్‌ని నీళ్లలోకి దించారు. 2024 ఆగస్టులో అరిఘాత్ కూడా నేవీలో చేరింది. మేం బీచ్‌లో మురీ మిక్చరు తింటూ ఆ సముద్రాన్నే చూస్తుంటాం. అణువుతో కాపురం మాకు కొత్త కాదు.

మా భయం వేరు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ గ్యాసు లీకైనప్పుడు జనం నిద్రలో లేచి ఎటు పరిగెత్తాలో తెలియక రోడ్ల మీద పడిపోయారు. పన్నెండుమంది పోయారు. సైరన్ ఉంది గానీ మోగలేదని తర్వాత ప్రభుత్వ కమిటీయే చెప్పింది. యంత్రం మీద కోపం కాదండీ, దాని పక్కన నిలబడి మీట నొక్కాల్సిన మనిషి మీద, ఆ తర్వాత బాధ్యులెవరని అడిగితే ఒకరినొకరు చూపించుకునే పెద్దల మీద మాకు నమ్మకం చాలదు. సరిగ్గా అక్కడే 2025 డిసెంబరులో పార్లమెంటు ‘శాంతి’ అనే పేరుతో కొత్త అణుశక్తి చట్టం చేసింది. ప్రైవేటువాళ్లకి తలుపులు తీసింది, అమ్మినవాడిని పట్టుకునే ఆ పాత సెక్షన్‌ని తీసి పక్కన పడేసింది. అమ్మేవాడి గుండెల్లో భయం తీసేసి మా గుండెల్లో పెట్టారు. ఏదో ఒక చోట ఉండాలి కదా.

తమరి జాతి రియాక్టర్లు మంచివేనట, ఒప్పుకుంటాను. కరెంటు మొత్తం పోయినా, మనిషి చెయ్యి పడకపోయినా, నెత్తిన ఉన్న తొట్టిలోని నీళ్లతో 72 గంటలు తమంతట తామే చల్లబడతాయట. తర్వాత చిన్న పంపుతో తొట్టి నింపితే చాలట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మహానగరమైన మా వీధుల్లోనే 72 గంటలకి కరెంటు లేదు, రోడ్డుకడ్డం పడ్డ చెట్టు తియ్యడానికి రంపం లేదు. ఆ చిన్న పంపూ, దానికి డీజిలూ, తెచ్చే మనిషీ రణస్థలం నుంచి ఏ రోడ్డున వస్తారో కాస్త రాసి పెట్టుకోండి.

ఇక డబ్బు. అమెరికాలో జార్జియా రాష్ట్రం వోగ్టిల్‌లో తమరి అన్నదమ్ములిద్దరున్నారు. 1,400 కోట్ల డాలర్లన్నది 3,000 కోట్లు దాటింది, అనుకున్నదానికి ఏడేళ్లు ఆలస్యంగా 2023లో ఒకటి, 2024లో ఇంకోటి మొదలయ్యాయి. దక్షిణ కరొలైనాలో ఇంకో జంటని సుమారు 900 కోట్ల డాలర్లు పోశాక 2017లో సగంలో వదిలేశారు. ఆ ఖర్చు అక్కడి జనం బిల్లుల్లో కట్టారు. ఇక్కడ ఎప్పుడో వాడేసిన కరెంటుకి ఇప్పుడు సర్దుబాటు చార్జీలు కడుతున్నవాళ్లం మేము. తమరి సర్దుబాటు మా మనవల దాకా సాగుతుందని నా లెక్క. కేంద్రంలో విద్యుత్ కార్యదర్శిగా చేసిన మా ఊరి పెద్దాయన ఇ.ఎ.ఎస్. శర్మ గారు తమరి గురించి ఢిల్లీకి రాస్తూనే ఉన్నారు. ఆయనకే జవాబు దొరక్కపోతే నా ఉత్తరం ఎవరు చదువుతారు గానీ, రాయడం నా సరదా.

ఇప్పుడు తమరి పేరు మళ్లీ వినబడుతోంది. 2047కి దేశంలో లక్ష మెగావాట్ల అణువిద్యుత్తట. 1969లో తారాపూర్‌తో మొదలుపెట్టి ఇన్నేళ్లకి చేరింది సుమారు తొమ్మిది వేలు. మా ఊరికి గూగుల్ వారి డేటా సెంటరు వస్తోంది, దాని ఆకలి వెయ్యి మెగావాట్లలో ఉంటుందంటున్నారు. కొవ్వాడవాళ్లు ఊరు ఖాళీ చేసేది ఎవరి ఫోనులో ఫొటోలు దాచడానికో వాళ్లకెవరైనా చెప్పారో లేదో. శ్రీకాకుళంవాళ్లు మంచోళ్లే గానీ మరీ అంత కాదు. 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో బొగ్గు కేంద్రాలు వద్దన్నందుకు తుపాకులు పేలాయి, ప్రాణాలు పోయాయి. సోంపేటలో చివరికి వెనక్కి తగ్గింది ప్రాజెక్టే.

కాబట్టి విన్నపం ఒక్కటే. వచ్చేట్టయితే తేదీ, యూనిట్ ధర, ఊరికిచ్చే నేల, అన్నీ కాగితం మీద పెట్టుకుని రండి. రానట్టయితే అదీ కాగితం మీదే చెప్పండి. తమరిని పార్లమెంటులో ఎవరైనా అడిగినప్పుడల్లా ‘చర్చలు జరుగుతున్నాయి’ అనే జవాబుకి మాత్రం ఇక సెలవు ఇప్పించండి.

ఇట్లు,
తమరి బిల్లు కట్టబోయే వాడు,
విశాఖపట్నం.

తా.క.: మా అచ్యుతాపురం పక్కన పూడిమడకలో కూడా ముందు 4,000 మెగావాట్ల బొగ్గు కేంద్రమన్నారు. 2025 జనవరిలో అక్కడే గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి శంకుస్థాపన చేశారు. తమరికీ అలా అవతారం మార్చే ఆలోచన ఉంటే కొవ్వాడలో ఆ చువ్వల ఇంటాయనకి ముందుగా ఒక ముక్క చెప్పండి. సిమెంటు రేటు పెరగకముందే ఓ పది బస్తాలు తెచ్చుకుంటాడు.