చాట ముందు కూర్చున్న మనిషి నోరు ఎవరు చూడాలి?

గత వారం హన్మకొండలో మా కాలేజీ స్టాఫ్ రూంలో మొదలైన వాదన ఇంకా తెగలేదు. క్యాన్సర్‌కు మందు కనిపెట్టే పరిశోధనల మీద పోస్తున్న డబ్బులో సగం నివారణకు మళ్ళిస్తే అంతకంటే ఎక్కువ మంది బతుకుతారని జువాలజీ మేడం అన్నారు. ఫిజిక్స్ సారు ఒప్పుకోలేదు. ఆయన అన్న కొడుక్కి ఐదో ఏట రక్త క్యాన్సర్ వచ్చి నయమైంది, ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఆ పిల్లవాడు ఏ అలవాటు మానుకుని ఉంటే ఆ జబ్బు రాకపోయేదని ఆయన అడిగితే మా ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆయన మాటలో న్యాయముంది. పిల్లల రక్త క్యాన్సర్ ఒకప్పుడు దాదాపు మరణశాసనమే. 1948లో అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ కొందరు పిల్లల్లో కొన్ని నెలలపాటు దాన్ని అణచగలిగినట్టు ప్రకటించిన నాటినుంచి, ఒక మందుకు మరో మందు జతచేస్తూ దశాబ్దాలు శ్రమిస్తే తప్ప నేటి ఫలితాలు రాలేదు. పరిశోధనను, నివారణను రెండు వేరు ఖాతాలుగా చూడడం కూడా పొరపాటే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ వైరస్ అని తేల్చి 2008లో నోబెల్ అందుకున్న హెరాల్డ్ జూర్ హౌసెన్ ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి పనిచేశారు కాబట్టే 2006 నాటికి టీకా చేతికొచ్చింది. కాబట్టి పరిశోధన గొంతు నులిమి నివారణకు పెట్టమనే వాదన నాది కాదు.

అయితే నేను కామర్స్ చెప్పేవాణ్ణి. ఇప్పటిదాకా ఖర్చయిన దాని సంగతి పక్కన పెట్టి, రేపు చేతికొచ్చే రూపాయిని ఎక్కడ పెడితే ఎక్కువ ఫలమిస్తుందో చూడడం నా వృత్తి. ఆ లెక్కన మన జిల్లాలకు వచ్చే రూపాయి ముందు నివారణకు, తొలిదశలో గుర్తించడానికి పోవాలని నా అభిప్రాయం. దేశంలో 2022లో సుమారు 14 లక్షల మందికి కొత్తగా క్యాన్సర్ సోకిందని, 9 లక్షల మందికి పైగా చనిపోయారని అంతర్జాతీయ అంచనా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 30 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు 1.9 శాతమే, నోటి పరీక్ష అయితే ఒక శాతం కూడా లేదు. ఆ పరీక్షకు పెద్ద యంత్రాలేమైనా కావాలా అంటే, అదీ లేదు. తిరువనంతపురం జిల్లాలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నోరు తెరిపించి చూసిన అధ్యయనం 2005లో వెలువడింది; పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయి. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వారు శిక్షణ ఇచ్చిన సాధారణ మహిళలు పలుచని వెనిగర్ ద్రావణంతో గర్భాశయ ముఖద్వారం పరీక్షిస్తే ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి.

ఈ మాటలు రాస్తుంటే నాకు మా మేనత్త గుర్తొస్తోంది. జగిత్యాల దగ్గరి పల్లెలో నలభై ఏళ్ళు బీడీలు చుట్టింది. తునికాకు కత్తిరిస్తూ, చాటలోని తంబాకును చిటికెడు బుగ్గన పెట్టుకోవడం అక్కడి ఆడవాళ్ళలో ఆమె ఒక్కతి అలవాటే కాదు. బుగ్గ లోపల పుండు లేస్తే పన్ను గీరుకుందనుకుని ఏడు నెలలు పసుపు, ఆర్‌ఎంపీ ఇచ్చిన మలాం రాసుకుంది. హైదరాబాద్‌కు తీసుకెళ్ళేనాటికి దవడ సగం తీసేయాల్సి వచ్చింది. ఆపరేషన్, రేడియేషన్ ఆరోగ్యశ్రీలో అయ్యాయి. ఆ పథకాన్ని నేను ఏనాడూ చులకన చేయను. 2023 డిసెంబరులో దాని పరిమితి పది లక్షలకు పెంచినప్పుడు సంతోషించినవాణ్ణే. కానీ ఏడు నెలల ముందు ఎవరైనా టార్చిలైటుతో ఆ నోరు చూసి ఉంటే చిన్న కోతతో పోయేదని డాక్టరు చెప్పిన మాట మా బావ ఇప్పటికీ మరిచిపోలేదు.

వరంగల్ పాత సెంట్రల్ జైలు స్థలంలో లేచిన 24 అంతస్తుల దవాఖాన భవనాన్ని దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తారు. శంకుస్థాపన ఫొటోలు పేపర్లో వచ్చాయి. అది కావాల్సిందే. రాకుండా ఆగిపోయిన పుండుకు మాత్రం శిలాఫలకం వేయలేం కదా! బతికించిన రోగి వేదిక ఎక్కి దండం పెడతాడు. అసలు రోగే కాకుండా మిగిలిన మనిషికి తాను తప్పించుకున్న సంగతే తెలియదు. నివారణకు నిధులు అడిగే నోరు ఎందుకు లేదంటే ఇందుకే.

నివారణ పక్షం వాళ్ళు కూడా ఒక సంగతి ఒప్పుకోవాలి. మన పొరుగునే ఖమ్మం జిల్లాలో 2009లో హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు జరిగింది. చాలామంది బాలికల విషయంలో తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు బాలికలు చనిపోయాక 2010లో దాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు, అయినా పోయిన నమ్మకం తిరిగి రాలేదు. కాబట్టి నివారణ ఖర్చంటే టీకా ధర ఒక్కటే కాదు; తల్లి పక్కన కూర్చుని ఆమె భాషలో విడమరచి చెప్పే మనిషి జీతం కూడా అందులో ఉండాలి. ఇప్పుడు ఆ భారమంతా ఆశా కార్యకర్తల మీద, మరో ఇరవై పనుల నడుమ పడుతోంది. వాళ్ళు ఇంటింటా నింపే ఫారంలో "నోట్లో పుండ్లు ఉన్నాయా" అనే గడి ఉంటుంది. నోరు చూసే తీరిక లేనప్పుడు అడిగి, "లేవు" అంటే టిక్కు పెట్టుకుని పోవాల్సిందే.

పోయిన నెల ఊరికి వెళ్ళినప్పుడు మా మరదలు, మేనత్త కూతురు, అదే అరుగు మీద అదే చాట ముందు కూర్చుని ఉంది. జగిత్యాల పెద్ద దవాఖానకు పోయి ఒకసారి నోరు చూపించుకోమన్నాను. "ఒక్క పొద్దు పోతే వెయ్యి బీడీల కూలి పోతది బావా, ఎవరిస్తరు?" అంది. బస్సు కిరాయి సరే, ఆ రోజు కూలి ఏ పద్దులో రాస్తారో వెతుకుదామని నేను రాష్ట్ర బడ్జెట్ పుస్తకాలు రెండు రాత్రులు తిరగేశాను. నాకు కనపడలేదు.